ట్రిప్ అవుతోందని డైరెక్ట్ చేసేయకండి

ఎండలు ముదిరేసరికి ఈ నెల ఉత్తరాల్లో సగం మోటార్ల గోలే. ఇళ్లలో వాడే చిన్న మోటార్ల సంగతి ఇంకోసారి చూద్దాం. లాడ్జీలు, గుజ్జు ఫ్యాక్టరీలు, వాటర్ ప్లాంట్లు, అపార్టుమెంట్లు, ఇలా త్రీఫేజు ప్యానెల్ (మోటారును నడిపే స్విచ్చుల పెట్టె) ఉన్నవాళ్ల ప్రశ్నలకే ఈసారి జాగా సరిపోయింది. ఒక్క మాట ముందే చెబుతున్నా. ఇది చదివి పని చేయించేటప్పుడు ఏం అడగాలో తెలుసుకోండి, స్క్రూడ్రైవర్ మాత్రం లైసెన్సున్న మనిషి చేతిలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మాది తిరుపతిలో లాడ్జి. ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. పొద్దున అయిదు నుంచి ఏడు లోపల రెండు మూడు సార్లు ట్రిప్ అవుతా ఉంది. సరిగ్గా యాత్రికులు స్నానాలకు దిగే టైము అది, కిందికొచ్చి మా మీద అరుస్తా ఉన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి ‘ఎస్పీపీ పోయింది, దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేస్తా’ అంటాడు. చేసేయమంటారా సార్?

జవాబు: వద్దు. ఎస్పీపీ అంటే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, మరీ తగ్గినా మోటారును ఆపడమే దాని పని. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోతే అది వెంటనే ఆగదు, మూలుగుతూ మిగతా రెండు ఫేజుల నుంచి మామూలు కంటే సుమారు 1.7 రెట్లు కరెంటు లాగుతుంది. ఎస్పీపీ లేకపోతే ఆ కాసేపట్లోనే వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్ట, మాడిపోతుంది. తర్వాత బోరులోంచి మోటారు పైకి లాగడానికి, వైండింగ్ కట్టించడానికి, మళ్లీ దించడానికి అయ్యే ఖర్చు ముందు కొత్త ఎస్పీపీ ధర ఒక లెక్కలోది కాదు.

అసలు మీ ఉత్తరంలోనే క్లూ ఉంది. రోజంతా సవ్యంగా నడిచే మోటారు పొద్దున ఆ రెండు గంటలే ఎందుకు ఆగుతోంది? ఆ టైములో మీ గదుల్లో గీజర్లన్నీ ఆన్‌లో ఉంటాయి. వైరింగ్ చేసిన రోజుల్లో ఎవరో సులువుగా పోతుందని గీజర్లు చాలావరకు ఒకే ఫేజు మీద వేసి ఉంటారని నా అనుమానం. తేల్చుకోవడం తేలికే. రేపు పొద్దున ఆరింటికి ప్యానెల్ ఇన్‌కమింగ్ దగ్గర ఫేజుకూ ఫేజుకూ మధ్య వోల్టేజి మూడు జతలూ కొలిపించండి. ఉదాహరణకు 415, 410, 390 వచ్చాయనుకోండి. సగటు 405, దానికి అన్నిటికంటే దూరంగా ఉన్నది 390, తేడా 15, అంటే 3.7 శాతం. చూడ్డానికి చిన్నదే గానీ, వోల్టేజిలో ఉన్న తేడా మోటారు కరెంటులోకి వచ్చేసరికి ఆరు నుంచి పది రెట్లవుతుంది. ఒక వైండింగ్ చల్లగా, ఇంకోటి పొయ్యిలా తయారవుతుంది. అంతదాకా రాకుండా ఆపుతోందంటే మీ ఎస్పీపీ చెడిపోలేదు, చక్కగా పనిచేస్తోంది.

గీజర్లను మూడు ఫేజులకూ సమంగా పంచమనండి. అంతకంటే ముందు మెయిన్ దగ్గర ఫ్యూజు క్యారియర్లు, అంటే ఫ్యూజు తీగను పట్టుకునే దిమ్మెలు, చూడమనండి, ఒకటి లూజుగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. స్లీవు గోధుమ రంగుకు తిరిగి, కాలిన వాసన వస్తుంటే అదే దొంగ. ఇవన్నీ బాగుండి స్తంభం నుంచి వచ్చే వోల్టేజిలోనే తేడా ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు యూనిట్ పెట్టుకున్నాం. 15 హెచ్‌పీ పంపుకు కొత్తగా స్టార్-డెల్టా ప్యానెల్ వచ్చింది. మోటారు ప్లేటు మీద 22 ఆంపియర్లని ఉంది, బిగించినాయన ఓవర్‌లోడ్ రిలేను కూడా 22 మీదే పెట్టి పోయినాడు. సీజన్ మొదలయ్యే లోపల ఇంకేమన్నా చూసుకోవాల్నా?

జవాబు: ముందు ఆ 22 సంగతి. స్టార్-డెల్టా అంటే మోటారును ముందు తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి, తర్వాత పూర్తి వోల్టేజికి మార్చే పద్ధతి. మోటారు మితిమీరి కరెంటు లాగితే ఆపేది ఓవర్‌లోడ్ రిలే. స్టార్-డెల్టాలో ఆ రిలే సాధారణంగా మెయిన్ కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి తెంపే స్విచ్) కింద, వైండింగుకు పోయే దారిలో ఉంటుంది. అక్కడ పారేది లైను కరెంటు కాదు, అందులో 0.58 వంతే. 22ను 0.58తో గుణిస్తే 12.8. మీ రిలే ఉండాల్సింది అక్కడ. 22 మీద పెట్టారంటే మోటారు తన శక్తికి మించి ఒకటిన్నర రెట్లు లాగుతున్నా రిలే నిద్రపోతుంది. కొందరు ప్యానెల్ తయారీదార్లు రిలేను ఇన్‌కమింగ్ లైనులోనే పెడతారు, అలా ఉంటే 22 సరైనదే. అందుకే తలుపు లోపల డ్రాయింగ్ అంటించి ఇమ్మనండి. డ్రాయింగ్ లేకుండా ప్యానెల్ తీసుకోకూడదని నేను గట్టిగా అంటాను. ఆర్నెల్ల తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కు ఏ వైరు ఎటు పోతోందో తెలియకపోతే ఊహతో పీకుతాడు.

ఇక ప్యానెల్ ఎక్కడ బిగించారన్నది. గుజ్జు ఫ్యాక్టరీలో సాయంత్రమయ్యేసరికి నేలంతా పైపుతో కడుగుతారు, నీళ్లు గోడల మీదికీ చిమ్ముతాయి. ఐపీ55 పెట్టె, అంటే దుమ్మునూ చిమ్మే నీళ్లనూ తట్టుకునేది, తీసుకోండి. అయితే పెట్టె ఐపీ55 అయినంత మాత్రాన పని కాదు, కేబుళ్లు పైనుంచి దిగితే వాటి వెంబడే నీళ్లూ దిగుతాయి. కింది నుంచే లోపలికి రావాలి, ప్రతి కేబుల్‌కూ దాని సైజు గ్లాండ్ (రంధ్రంలో కేబుల్ చుట్టూ బిగుసుకునే బిరడా) ఉండాలి, వాడని రంధ్రాలు మూసెయ్యాలి. లేకపోతే సీజన్ లేని నెలల్లో బల్లులు, చీమలు కాంటాక్టర్లో కాపురం పెడతాయి. బల్లి ఒక్కటి కాంటాక్టుల మధ్య ఇరుక్కుంటే ఫేజు పోయినట్టే, దాని మీద రెండు ఫేజులు కలిస్తే ప్యానెలే పేలుతుంది. ప్యానెల్ ముందు కనీసం ఒక మీటరు జాగా ఖాళీగా ఉండాలి, అక్కడ మామిడి క్రేట్లు పేర్చడానికి వీల్లేదు. కింద రబ్బరు మ్యాట్, పైన డేంజర్ బోర్డు.

లోపల ఒక చిన్న విషయం దగ్గరుండి చూడండి. కేబుల్ మందంగా ఉండి టెర్మినల్ రంధ్రంలో పట్టకపోతే కొందరు రెండు మూడు పోగులు కత్తిరించి మిగతావి దూరుస్తారు. బయటికి ఏమీ కనపడదు, మోటారూ నడుస్తుంది, నెల తిరిగేసరికి ఆ చోట వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది. అన్ని పోగులూ పట్టే లగ్ (కేబుల్ కొనకు తొడిగే లోహపు తొడుగు) వేసి, క్రింపింగ్ టూలుతో నొక్కాలి, కటింగ్ ప్లేయరుతో కాదు. సర్వీసు కేబుల్ అల్యూమినియందై లోపల రాగి బస్‌బార్ (కరెంటును పంచే పట్టీ) ఉంటే రెండు లోహాలతో చేసిన బైమెటల్ లగ్ కావాలి, రాగీ అల్యూమినియమూ నేరుగా కలిపితే కొన్నాళ్లకు ఆ జాయింటు తుప్పు పట్టి వదులవుతుంది. తలుపు మీద ల్యాంపులు, బటన్లు ఉంటాయి కాబట్టి తలుపుకూ విడిగా ఎర్త్ వైరు ఉండాలి, కీలును నమ్ముకోకూడదు. మోటారు బాడీకి, ప్యానెల్‌కు రెండేసి ఎర్తులు, వేర్వేరు దారుల్లో. ఇది నా సలహా కాదు, నిబంధనే.

సీజన్ ముందు మెగ్గర్ పెట్టి వైండింగుకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ కొలిపించండి. ఒక మెగాఓమ్‌కు తక్కువ చూపిస్తే ఆన్ చేయొద్దు. నెలల తరబడి ఆగి ఉన్న మోటారు చెమ్మ పీలుస్తుంది, ఆరబెడితే తరచూ సరిపోతుంది.

ప్రశ్న: చిత్తూరులో మా అపార్టుమెంటు సెల్లారులో మోటారు ప్యానెల్ ముట్టుకుంటే చేయి జివ్వుమంటోంది. వాచ్‌మన్ చెక్క ముక్కతో స్విచ్ నొక్కుతున్నాడు. ఎంసీబీ ఒక్కసారి కూడా పడలేదు, కాబట్టి పెద్ద ప్రమాదం లేదని ప్రెసిడెంటుగారు అంటున్నారు.

జవాబు: చదవగానే మెయిన్ ఆపేయండి, తర్వాత ప్రెసిడెంటుగారితో మాట్లాడండి.

ఎంసీబీ అనేది కరెంటు మితిమీరితే పడే స్విచ్, అది పడలేదంటే ప్రమాదం లేదని కాదు. మీ ఎర్త్ గుంత, ఎండకు ఎండిపోయి, 10 ఓమ్‌లు ఉందనుకుందాం. మన వైపు రాతి నేలలో అది పెద్ద విశేషమేమీ కాదు. ఫేజు వైరు ఒకటి బాడీకి తగిలితే 230ని 10తో భాగించండి, 23 ఆంపియర్లు. మీ ఎంసీబీ 32ది అయితే అది 23కు పడనే పడదు. కరెంటు గుంతలోకి పారుతూనే ఉంటుంది, పెట్టె మీద వోల్టేజి ఉండనే ఉంటుంది, తడి కాళ్లతో పిల్లాడెవడో వచ్చి ముట్టుకునేదాకా. అందుకే ఎర్త్ ఒక్కటే చాలదు, లీకేజి కనిపెట్టి ఆపే ఆర్‌సీసీబీ గానీ ఎర్త్ లీకేజి రిలే గానీ కావాలి. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది. బోరు కేబుల్ చాలా పొడవుంటే సహజంగా పారే కొద్ది లీకేజికే 30ది పదేపదే పడుతుంది, అలాంటి చోట మోటారుకు 100 లేదా 300 వేస్తారు. కానీ మీ సెల్లారు లైట్లకు, ప్లగ్గులకు మాత్రం 30దే.

ఎర్త్‌కు నీళ్ల పైపును వాడుకుంటున్నారేమో చూడండి. ఒకప్పుడు ఇనుప పైపులు కాబట్టి ఏదో నడిచింది, ఇప్పుడు అంతా ప్లాస్టిక్. ఇక న్యూట్రల్‌ను ఎర్త్‌గా కట్టే మహానుభావులున్నారు. న్యూట్రల్ ఎక్కడో తెగిన రోజున పెట్టె మొత్తం ఫేజే అవుతుంది.

సెల్లారు అన్నారు కాబట్టి ఇంకోటి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని సెల్లార్లు మునిగాయో మీకూ తెలుసు. ప్యానెల్‌ను సెల్లారు నేల మీద స్టాండు వేసి పెట్టడం కంటే గ్రౌండు ఫ్లోరు మెట్ల పక్కకు మార్చడం మేలు. నీళ్లు నిలిచిన సెల్లార్లోకి మోటారు ఆపడానికి దిగడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ప్రశ్న: పలమనేరు దగ్గర వాటర్ ప్లాంటు. బోరు వెయ్యి అడుగులు. ఏడున్నర హెచ్‌పీ మోటారు తరచూ కాలిపోతోంది, కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్లది వేశాం. ఆటో పెట్టమని కొందరు, వద్దని కొందరు.

జవాబు: రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. కేబుల్ చిన్నది. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు, 12 ఆంపియర్లు లాగితే 4 మిల్లీమీటర్ల రాగి కేబుల్లోనే పాతిక వోల్టులకు పైగా పోతుంది. 6 మిల్లీమీటర్లదైతే సుమారు 18 వోల్టులు, 10దైతే సుమారు 11. మీ దగ్గర రాత్రి వోల్టేజి 380 ఉంటే బోరు అడుగున మోటారుకు అందేది 355 మాత్రమే. తక్కువ వోల్టేజికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, పోతుంది. కేబుల్లో పోయేది 3 శాతం దాటకుండా చూసుకోవాలంటే మీకు 10 మిల్లీమీటర్లది పడుతుంది. ఖరీదే, కానీ ఇప్పటికే ఎన్నిసార్లు వైండింగ్ కట్టించారో లెక్క మీరే వేసుకోండి. రిలే కూడా సబ్‌మెర్సిబుల్‌కు క్లాస్ 10ది, అంటే త్వరగా ఆపేది, ఉండాలి, మామూలు నెమ్మది రిలే వీటికి పనికిరాదు. నీళ్లు అడుగంటినప్పుడు ఆపే డ్రై రన్ రక్షణ లేకుండా ఈ ఎండల్లో నడపొద్దు.

ఆటో అంటే కరెంటు రాగానే మోటారును తనంతట తానే ఆన్ చేసేది. అది పెట్టడం తప్పు కాదు, ఆటో ఉందన్న సంగతి మర్చిపోవడం తప్పు. కరెంటు పోయిందని ప్యానెల్లో చేయి పెట్టిన మనిషి, కరెంటు రాగానే చచ్చిపోయిన వార్తలు మన పేపర్లలో ఏటా చూస్తున్నాం. కరెంటు లేదు కదా అన్న ధీమాతో పని చేయకూడదు. మెయిన్ ఆపి, ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి సొంత జేబులో వేసుకుని, స్విచ్చుకు తాళం వేసి పని మొదలుపెట్టాలి. స్టాప్ నొక్కితే మోటారే ఆగుతుంది, కాంటాక్టర్ పై టెర్మినళ్లలో కరెంటు అలాగే ఉంటుంది. ప్లాంటుకు జనరేటర్ ఉంటే దాని దారి కూడా తెగాలి. ఆ తర్వాత టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, ప్యానెల్లో పరీక్షించి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడాలి. చాదస్తం అనుకుంటారు, అనుకోనివ్వండి. కెపాసిటర్ ఉంటే ఆపిన తర్వాత కనీసం అయిదు నిమిషాలు ఆగాలి, ఆపినా దాంట్లో ఛార్జి నిలిచే ఉంటుంది.

ఆటో ప్యానెల్ తలుపు మీద పెద్ద అక్షరాలతో ‘చెప్పకుండా మోటారు ఆన్ అవుతుంది’ అని తెలుగులో రాయించండి.

ప్రశ్న: రేణిగుంట రోడ్డులో మా హోటల్ సంపులో ఫ్లోట్ స్విచ్ ఉంది. సంపు కడగడానికి మనిషిని దించేటప్పుడు మోటారు స్విచ్ ఆపితే చాలా?

జవాబు: చాలదు. నీటి మట్టంతో తేలుతూ మోటారును ఆన్, ఆఫ్ చేసే ఆ ఫ్లోట్ స్విచ్‌కు చాలా చోట్ల నేరుగా 230 వోల్టులే ఇస్తారు. వైరు పగిలితే నీళ్లలో ఉన్న మనిషికి తప్పించుకునే దారి ఉండదు. మెయిన్ దగ్గర ఆపి, క్యారియర్లు పీకాకే దించండి. ప్యానెల్లో 24 వోల్టుల లెవెల్ కంట్రోలర్ వేయించుకోండి, అప్పుడు సంపులోకి వెళ్లేది 24 వోల్టులే. చిన్న ఖర్చు.

ప్రశ్న: లైన్లో పని చేసి వెళ్లిన తర్వాత మా మోటారు నడుస్తోంది గానీ నీళ్లు సగమే వస్తున్నాయి. మోటారు పోయిందా?

జవాబు: పోకపోవచ్చు. రెండు ఫేజులు అటూ ఇటూ మారి వెనక్కి తిరుగుతూ ఉంటుంది. ఎక్కువసేపు నడపకండి. ఏవైనా రెండు ఫేజు వైర్లు మార్చి బిగిస్తే నీళ్లు మామూలుగా వస్తాయి, ఫేజు తిరగబడితే ఆపే ఎస్పీపీ ఉంటే అసలు ఆన్ అయ్యేదే కాదు.