అద్దం పగిలిందా, విరిగిందా?

సందేహం: మాది మదనపల్లె దగ్గర పల్లె. మార్కెట్టుకు టమాటా తోలడానికి బొలెరో పికప్ పెట్టుకున్నాను. మొన్న ఇరుకు సందులో ఎడమవైపు సైడ్ అద్దం కరెంటు స్తంభానికి కొట్టుకుంది. గాజు మీద గీత పడింది, కాడ విరిగి అద్దం వైరుకు వేలాడుతోంది. షెడ్డుకు ఫోన్ చేసి "అద్దం పగిలింది, తెప్పించి పెట్టు" అన్నాను. మెకానిక్ ఒట్టి గాజు పలక తెప్పించాడు. బండి చూశాక "ఇది విరిగింది కదన్నా, పగిలిందంటావేంది? మొత్తం సెట్టు కావాలి" అన్నాడు. ఒక పూట బాడుగ పోయింది. డిగ్రీ చదివే మా అమ్మాయిని అడిగితే "అద్దం పగులుతుంది గానీ విరగదు నాన్నా" అంటోంది. ఎవరి మాట ఒప్పు? ఇంకో రెండు చిన్న సందేహాలు: 'మరమ్మతు' అని రాయాలా, 'మరమ్మత్తు' అనా? రిపేరంటే బాగుచేయడం కదా, మరి 'బండికి రిపేరొచ్చింది' అనడం తప్పు కాదా?

సమాధానం: ఇద్దరి మాటా ఒప్పే. మీ అమ్మాయి గాజు గురించి మాట్లాడుతోంది, మెకానిక్ కాడ గురించి మాట్లాడుతున్నాడు. మీరేమో రెంటినీ కలిపి అద్దం అన్నారు. ఆ మాటలోనూ తప్పు లేదు, లోకమంతా అంటున్నదే. బాడుగ పోవడానికి కారణం నామవాచకం కాదు, మీరు వాడిన క్రియ.

బండి దగ్గర అద్దం అనే మాట ఒక్క వస్తువుకు కట్టుబడి లేదు. "అద్దం దించు" అంటే తలుపు గాజు. "అద్దం మడువు" అంటే సైడ్ మిర్రర్. "అద్దం తుడువు" అంటే క్లీనర్ కుర్రాడు గుడ్డ తీసుకుని ముందద్దం వైపు పోతాడు. ఏ అద్దమని అతను అడగడు, మీరూ చెప్పరు. పేరు చెప్పని సంగతిని క్రియ చెప్పేస్తుంది. చెడిపోయినప్పుడు కూడా అంతే. తెలుగులో ఏ వస్తువు ఎలా చెడిందో బట్టి క్రియ మారిపోతుంది, వినేవాడు ఆ క్రియను పట్టుకునే వస్తువును ఊహించుకుంటాడు.

కుండ పగులుతుంది, గుడ్డు పగులుతుంది, కొబ్బరికాయ పగులుతుంది. తల పగులుతుంది, చలికాలంలో మడమలు పగులుతాయి. కొమ్మ విరుగుతుంది, చెయ్యి విరుగుతుంది, కుర్చీ కాలు విరుగుతుంది. తాడూ వైరూ చెప్పూ తెగుతాయి. చొక్కా, కాగితం చిరుగుతాయి. గట్టిగా ఉండి విచ్చిపోయేదాన్ని పగిలిందంటాం, పొడుగ్గా ఉండి నడిమికి రెండయ్యేదాన్ని విరిగిందంటాం, మెత్తగా వంగేది తెగుతుంది. ఇది మోటు లెక్కే. దొంగలు తాళం పగలగొడతారు, అది ఇనుమైనా సరే. నా ఉద్దేశంలో అక్కడ చూపు లోహం మీద లేదు, మూసి ఉన్నది తెరుచుకోవడం మీద ఉంది. పాలు విరగడానికి ఈ లెక్కలో చోటే లేదు. అయినా ఏ పిల్లవాడూ పాలు పగిలాయనడు.

మనసు విషయం ఇంకా ముచ్చటైనది. గుండె పగులుతుంది, మనసు విరుగుతుంది. హఠాత్తుగా పిడుగులాంటి వార్త వింటే గుండె పగిలినట్టు. నమ్మినవాడి మీద ఇక ప్రేమ లేదనుకుంటే మనసు విరిగినట్టు. ఇనుము విరిగితే కాచి అతకవచ్చు, మనసు విరిగితే మళ్ళీ అంటుకోదు అన్న వేమన పద్యం మీకు తెలిసిందే. అందులో ఇనుముకూ మనసుకూ ఒకే క్రియ. అద్దం ప్రసక్తి ఆ పద్యంలో లేదు గానీ, ఉంటే దానికి వేరే క్రియ పడేది.

ఇప్పుడు మీ బండి దగ్గరికి వద్దాం. గాజు మీద గీత పడి, ముక్కలు ఇంకా చోటు వదలకపోతే దానికి చక్కటి మాట చిట్లడం. గాజు గ్లాసులో సలసలా కాగే టీ పోస్తే జరిగేది అదే. ముక్కలు రాలితే పగిలింది. తలుపుకు అంటిపెట్టుకుని ఉండే కాడ రెండైతే విరిగింది. చాలా బండ్లలో గాజు పలక వెనక ఒక ప్లాస్టిక్ ప్లేటు, దాని నడుమ గుండ్రటి గుంత ఉంటాయి. అద్దానికి బయట ఉండే డొప్ప లోపలి నుంచి వచ్చే బంతిలాంటి మొన ఆ గుంతలో కూర్చుంటుంది. అందుకే అద్దాన్ని నాలుగు వైపులా తిప్పగలుగుతున్నాం. దెబ్బకు పలక ఆ మొన మీంచి జారి వచ్చేస్తే అది ఊడడం. ఊడినది చెడిపోయినట్టు కాదు, పట్టు తప్పిందంతే. కొక్కేలు బాగుంటే అరచేత్తో నడిమికి నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. (పన్ను కూడా ఊడుతుంది, దాన్నిలా నొక్కలేం.) ఇక వేగంగా పోతున్నప్పుడు గాలికి అద్దం దానంతటదే తిరిగిపోతుంటే వదులైంది. పానా పెట్టి బిగిస్తే ఖర్చు లేకుండా తేలిపోయే పని. అటూ ఇటూ కదలనంటే బిగుసుకుపోయింది. తలుపు రేకు లోపలికి పోతే సొట్టపడింది.

చిట్లింది, పగిలింది అంటే పలక చాలు. విరిగింది అంటే కాడతో సహా సెట్టు. ఊడింది అంటే ముందు చూసి చెబుతాను అంటాడు. మెకానిక్ మీ క్రియను బట్టే సరుకు తెప్పించాడు, అతని తెలుగు పక్కాగా ఉంది. ఈసారి ఫోన్లో "ఎడమవైపు కాడ విరిగింది, గాజు కూడా చిట్లింది, వైరు తెగలేదు" అనండి. ఎడమ, కుడి మాత్రం సీట్లో కూర్చున్నవాడి లెక్కన చెప్పాలి. బండికి ఎదురుగా నిలబడి చెబితే తారుమారవుతుంది. ఆ తికమక లేకుండా మన డ్రైవర్లు డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు అంటారు. మన దేశంలో క్లీనర్ సైడంటే ఎడమే. అమెరికాలో పికప్ నడిపే మనవాళ్ళకు డ్రైవర్ కూర్చునేదే ఎడమవైపు కాబట్టి అక్కడ ఈ మాటలు తిరగబడతాయి.

తెలంగాణ షెడ్డులో ఇవే క్రియలు వేరే గొంతుతో వినిపిస్తాయి. గాజు పల్గింది, కాడ ఇర్గింది, పలక ఊసిపోయింది. రూపం మారింది గానీ ఏది దేనికి వాడాలన్న లెక్క మారలేదు. ఇలాంటి మాటలను పనివాళ్ళ నోటి నుంచే ఏరాలని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు పూనుకోబట్టే 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తి పదకోశం సంపుటాలు వచ్చాయి. విజయవాడ ఆటోనగర్ వీధుల్లో ఒక్క రోజు చెవులు అప్పగించి కూర్చుంటే ఇంకో సంపుటానికి సరిపడా మాటలు దొరుకుతాయని నా నమ్మకం.

సైడ్ మిర్రర్‌ను 'పార్శ్వ దర్పణం' చేద్దామని కొందరు ఉత్సాహపడుతుంటారు. వద్దు. సైడ్ అద్దం చక్కగా ఉంది. దర్పణానికి దాని చోటు దానికుంది. బడి పుస్తకంలో కుంభాకార దర్పణం అని మీ అమ్మాయి చదివే ఉంటుంది, మీ బండికున్న అద్దం ఆ జాతిదే. నడుమ ఉబ్బెత్తుగా ఉండబట్టి ఎక్కువ రోడ్డు కనిపిస్తుంది, వెనకొచ్చే బండి మాత్రం ఉన్నదానికంటే చిన్నదిగా, దూరంగా తోస్తుంది. డబ్బు కలిసొస్తుందని గాజు కొట్లో మామూలు చదును అద్దం కోయించి అతికించుకునేవాళ్ళున్నారు. ముఖం చూసుకోవడానికి అది భేషుగ్గా ఉంటుంది. పక్కనుంచి దూసుకొచ్చే మోటార్ సైకిలు దానికి అందదు. కాబట్టి పలక అడిగేటప్పుడు ఉబ్బెత్తుది అని ఒక మాట వేయండి.

మీరు అడక్కపోయినా ఇంకొకటి చెప్పాలి, ఉత్తరాల్లో తరచూ కనిపిస్తోంది గనక. "అద్దం మార్చాను" అంటే పానా మీరే పట్టుకున్నారని అర్థం. మెకానిక్ చేత చేయిస్తే "మార్పించాను", "వేయించాను" అనాలి. అలాగే "బిగించాను" కాదు, "బిగింపించాను". చివరిది నోటికి కాస్త బరువే, అందుకే జనం "బిగించుకొచ్చాను" అని దాటేస్తారు. నాకది బాగానే అనిపిస్తుంది. వేయించడానికి వంటింట్లో వేరే అర్థం ఉన్నా భయం లేదు. అద్దాన్ని మూకుట్లో ఊహించుకునే వాళ్ళెవరూ లేరు. అలాగే "పగిలింది", "విరిగింది" అన్నప్పుడు చేసినవాడి పేరు రాదు. "పగలగొట్టాను", "విరిచాను" అంటే వస్తుంది. ఇన్సూరెన్స్ కాగితం మీద "స్తంభానికి తగిలి విరిగింది" అని రాస్తే ఏదో దాచినట్టు కాదు. కావాలని చేయని పనికి తెలుగు సహజంగా వాడే వాక్యమే అది.

ఇక మరమ్మతు. ఇది అరబ్బీ నుంచి పారసీ, హిందుస్తానీల మీదుగా వచ్చిన మాట, మూలంలో చివర ఒకే తకారం. సంస్కృతం నుంచి వచ్చిన విద్యుత్, జగత్, విపత్ లాంటి హల్లు చివర మాటలు తెలుగులో విద్యుత్తు, జగత్తు, విపత్తు అవుతాయి. ఆ అలవాటు చొప్పున మరమ్మతుకూ ఒక వత్తు తగిలించేశారు. దౌలతు, అదాలతు అలా కాలేదు. ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే 'మరమ్మత్తు' తప్పని తేల్చేయొచ్చు. కానీ కసరత్తు, గమ్మత్తు కూడా అటువైపు నుంచి వచ్చినవే. వాటిని ఒత్తు లేకుండా రాస్తే మనమే నవ్వుతాం. కాబట్టి ఇది సూత్రంతో తేలే సంగతి కాదు. పత్రికలు, పుస్తకాలు ఎక్కువగా మరమ్మతు వైపే ఉన్నాయి, మీరూ అలాగే రాయండి. ఎదుటివాడు వత్తు పెట్టి రాస్తే ఎర్ర సిరా మాత్రం తీయకండి.

"రిపేరొచ్చింది" తప్పు కాదు. ఇంగ్లీషులో ఆ మాటకు బాగుచేయడమని అర్థమైనా, తెలుగులోకి వచ్చాక అది రోగానికి పేరైంది. జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, రిపేరు వచ్చింది. "బండి రిపేరుకు వచ్చింది" అన్నది కుదించుకుపోయి ఇలా తయారై ఉంటుందని నా ఊహ. "మరమ్మతుకొచ్చింది" అన్న వాడుక ఉండనే ఉంది కదా. దీనికీ ఒక పద్ధతి ఉంది చూడండి. ఇంజనుకు రిపేరొస్తుంది, గేరు బాక్సుకు రిపేరొస్తుంది, బటన్ నొక్కితే మడుచుకునే అద్దాల్లో మోటారుకు రిపేరొస్తుంది. పగిలిన గాజుకు రిపేరొచ్చిందని ఎవరూ అనరు. పనిచేస్తూ పనిచేస్తూ ఆగిపోయే వాటికే ఆ మాట. నోటితో నిరభ్యంతరంగా అనండి. అర్జీలోనో ఇన్సూరెన్స్ కాగితంలోనో అయితే "చెడిపోయింది" అని రాయండి.