షూరిటీ సంతకం సంగతి జార్జ్ ఇలియట్‌కి తెలుసు

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు నవలా రచయితల్లో మనిషి స్వభావం బాగా తెలిసినవాళ్ళెవరు, వాళ్ళని చదివితే మనకి ఒరిగేదేమిటి అని అడిగారు. చాలామంది డికెన్స్ పేరు చెబుతారు. నేను జార్జ్ ఇలియట్ అంటాను, ఇందులో రెండో మాట లేదు. ఆవిడ అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్, 1819లో పుట్టింది, మగపేరుతో రాసింది. 1871-72లో ఎనిమిది భాగాలుగా వచ్చిన 'మిడిల్‌మార్చ్' నవలలో ఒక అప్పు కాగితం ఉంటుంది. నా జీవితం గురించి నాకు తెలియని సంగతి ఆ కాగితం చెప్పింది.

కథ ఇది. ఫ్రెడ్ విన్సీ అని మేయరు గారి అబ్బాయి. మనసు మంచిదే, చేతిలో డబ్బు నిలవదు. గుర్రాల వ్యాపారికి 160 పౌండ్లు బాకీ పడి, ఆ కాగితం మీద కేలెబ్ గార్త్ చేత పూచీ సంతకం పెట్టించుకుంటాడు. గార్త్ ఉన్నవాడు కాదు, మెతక మనిషి, అడిగితే కాదనలేడు. గడువు దగ్గర పడేసరికి ఫ్రెడ్ ఒక గుర్రం బేరంలో అదృష్టం చూసుకుందామని దిగి, ఆ గుర్రం కాస్తా కుంటిదై, చివరికి 50 పౌండ్లతో మిగులుతాడు. మిగతా 110 గార్త్ నెత్తిన పడతాయి. అది చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళేసరికి గార్త్ భార్య వంటింట్లో పిండి కలుపుతూనే పిల్లలకి వ్యాకరణం చెబుతూ ఉంటుంది. కొడుకుని పనిలో చేర్పించడానికి ఆవిడ కూడబెట్టిన 92 పౌండ్లు పోతాయి, చాలనిది కూతురు మేరీ దాచుకున్న దాంట్లోంచి.

నేనూ అలాంటి ఇంటికే వెళ్ళాను. 2009లో డిగ్రీ అయ్యాక ఫ్రెండ్‌తో కలిసి సెల్‌ఫోన్ల షాపు పెడదామని రెండు లక్షల చీటీలో చేరాను. నలభై నెలలు, నెలకి ఐదు వేలు. మూడో నెలలోనే పాడితే లక్షన్నర చేతికొచ్చింది. చీటీ కంపెనీవాళ్ళకి షూరిటీగా గవర్నమెంటు ఉద్యోగి కావాలి, కట్టకపోతే జీతంలో కోయించుకోవచ్చు కదా. మా పెదనాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. అరుగు మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టారు, ఎంతరా అని కూడా అడగలేదు. ఏడాది తిరక్కుండానే షాపు మూసేశాం. ఆరు నెలలు వాయిదాలు కట్టలేదు. నోటీసు పెదనాన్న పేరున నేరుగా స్కూలుకి వెళ్ళింది.

వాళ్ళ ఊరికి బస్సులో రెండు గంటలు. ఆ రెండు గంటలూ నాకున్న టెన్షన్ దేని గురించో ఇప్పటికీ బాగా గుర్తు. పెదనాన్న నన్నేమనుకుంటారు, చుట్టాల్లో నా పేరు ఏమైపోతుంది, ఎలా మొదలుపెడితే తప్పు ఫ్రెండు మీదకి పోతుంది, ఇవే.

వెళ్ళేసరికి పెద్దమ్మ వంటింటి గడప దగ్గర చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన గిన్నె, పైన స్లాబు నుంచి చుక్క చుక్కగా అందులో నీళ్ళు. ఎన్ని కట్టలేదురా అంది. ఆరు, వడ్డీతో ముప్పై మూడు వేలన్నాను. చేతులు ఆగలేదు. గింజ తీయడం, పక్కన పడేయడం, ఇంకో గుజ్జు అందుకోవడం. ఆ ముద్ద అయ్యాక లేచి, చేతులు కడుక్కుని, బీరువాలోంచి రూమాల్లో కట్టిన ఇరవై ఎనిమిది వేలు తెచ్చి నా ముందు పెట్టింది. స్లాబు బాగుచేయించడానికి దాచింది అది. మిగతాది పెదనాన్న జీతం రాగానే కడతారులే అంది. తిట్టలేదు. అన్నం తిని వెళ్ళమంది. అన్నం తింటున్నంతసేపూ గిన్నెలో చుక్కలు పడుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను.

ఏడేళ్ళ తర్వాత 'మిడిల్‌మార్చ్' చదువుతుంటే ఆ సన్నివేశం దగ్గర పుస్తకం మూసేశాను. ఎందుకంటే ఇలియట్ అక్కడ ఒక మాట అంటుంది. అప్పటిదాకా ఫ్రెడ్ పడ్డ బాధంతా గార్త్‌ల దృష్టిలో తన పరువు పోతుందనే, వాళ్ళకి జరిగే నష్టం అతని తలలోకే రాలేదు, ఆ గదిలో నిలబడ్డాకే తెలిసిందీ అని. నేను ఏడేళ్ళపాటు పశ్చాత్తాపం అనుకున్నది ఏమిటో, నాకంటే నూటయాభై ఏళ్ళ ముందు ఇంగ్లండులో ఒకావిడకి తెలుసు. మనల్ని మనం దొంగలమనో మోసగాళ్ళమనో తిట్టుకోవడం సులువే, అందులో కూడా మనమే హీరోలం. కారే ఇంటి గురించి ఆలోచించడమే కష్టం.

సాధువులా ఉపదేశం చేయదు ఆవిడ. అప్పటికే పెళ్ళయి, విడాకులు తీసుకోలేని మనిషితో 1854 నుంచి కలిసి బతికిందని సొంత అన్న ఇరవై ఏళ్ళకి పైగా మాట్లాడలేదు. ఆ మనిషి చనిపోయాక 1880లో వేరొకరిని చట్టప్రకారం పెళ్ళి చేసుకుంటే అప్పుడు అన్న ఉత్తరం రాశాడు, అదే ఏడాది డిసెంబరులో ఆవిడ పోయింది. తీర్పులు చెప్పే మనుషుల మధ్య అంతకాలం బతికింది కాబట్టే ఎవరినీ పూర్తిగా చెడ్డవాడిగా రాయలేకపోయిందని నా గట్టి నమ్మకం.

అన్నట్టు, "నువ్వు ఎలా అవ్వాలనుకున్నావో అలా అవ్వడానికి ఎప్పుడూ ఆలస్యం కాదు" అని ఆవిడ ఫోటో కింద వాట్సాప్‌లో తిప్పుతుంటారే, దయచేసి ఆపండి. ఆవిడ రచనల్లో ఆ మాట ఎక్కడా దొరకలేదు. పైగా ఈ నవలలోనే లిడ్‌గేట్ అనే డాక్టరు వైద్యాన్నే మార్చేద్దామని వచ్చి, డబ్బున్నవాళ్ళకి వచ్చే కీళ్ళవాపు మీద ఒక పుస్తకం రాసి, ఓడిపోయాననుకుంటూనే యాభయ్యో ఏట చనిపోతాడు. ఆలస్యం అవుతుందని ఇంత వివరంగా రాసినావిడ నోట ఆ మాట పెట్టడం అన్యాయం.

ఫ్రెడ్ మాత్రం బాగుపడతాడు, కానీ ఎలా? గార్త్ దగ్గరే పనిలో చేరతాడు. మొదటి రోజు అతని గొప్పింటి గొలుసుకట్టు రాత అర్థంకాక గార్త్‌కి కోపం వస్తుంది, కూర్చోబెట్టి మళ్ళీ రాయిస్తాడు. నేనూ ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు రాస్తూ నెలకి మూడు వేల చొప్పున పెద్దమ్మ చేతికే ఇచ్చాను. మొదట స్లాబు బాగుచేయించాం.

నవల పూర్తయ్యాక ఊరెళ్ళి పెద్దమ్మకి ఈ కథంతా చెప్పాను. ఫ్రెడ్ పెళ్ళి దాకా వచ్చానో లేదో ఆపింది.

"అది సరేరా, ఆవిడ కొడుకు పనిలో చేరాడా లేదా?"

గార్త్‌కి రెండు ఎస్టేట్లు చూసుకునే ఉద్యోగం దొరికింది పెద్దమ్మా, ఆ అబ్బాయిని ఇంజనీరింగు పనికి పంపుదామనుకున్నారు అన్నాను.

"ఊఁ, ఇప్పుడు చెప్పు పెళ్ళి సంగతి" అంది.