త్రీ నాట్ త్రీ కేసులు మూడోసారికే ఎందుకు తెగుతున్నాయి?

మీ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. కేసులు (తూటా ఇత్తడి తొడుగులు) కొత్తవే కొన్నారు, మళ్లీ నింపడానికి కాల్చిన ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ డైలో, అంటే కేసు మొత్తాన్ని నొక్కి కొలతకు తెచ్చే అచ్చులో, అడుగంటా దించి రీసైజ్ చేస్తున్నారు, మూడోసారికి రిమ్ (కేసు అడుగు అంచు) పైన మెరిసే గీత కనిపిస్తోంది, బోల్ట్ హెడ్ (బోల్టు ముందు ముక్క) మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. ముందు ఆ డైని పైకి లేపండి.

టెక్సాస్‌లో నేను ఇదే రైఫిల్‌తో కాలుస్తాను. మొదట్లో నేనూ మీలాగే చేశాను. నాలుగోసారి కాల్చి బోల్టు వెనక్కి లాగితే చిన్న ఇత్తడి బిళ్ల ఒక్కటే ఊడి వచ్చింది. గమనించకుండా తర్వాతి తూటా లోపలికి తోశాను, బోల్టు మూసుకోలేదు. టార్చి వేసి చూస్తే పాత కేసు పైభాగం చాంబర్ (తూటా కూర్చునే గది) గోడలకు అతుక్కుని ఉంది, కొత్త తూటా దానిలోకి దూరి ఆగిపోయింది. ఆ రోజు నుంచి కంటి అద్దాలు లేకుండా ఎవరినీ నా పక్కన నిలబడనివ్వను.

తప్పు ఇత్తడిది కాదు. త్రీ నాట్ త్రీ తూటా చాంబర్‌లో ఆగేది రిమ్ మీద. భుజం మీద, అంటే కేసు మెడ వైపు సన్నబడే వాలు మీద, కాదు. యుద్ధకాలంలో బురద అంటిన తూటా కూడా ఇరుక్కోకూడదని ఈ చాంబర్లను వదులుగా కోశారు. అందుకే కొత్త కేసు భుజానికీ చాంబర్ భుజానికీ మధ్య బాగా ఖాళీ ఉంటుంది. పేల్చగానే పీడనానికి కేసు పలుచని గోడలు చాంబర్‌ను పట్టుకుంటాయి, దళసరి అడుగుభాగం బోల్టు మీదికి వెనక్కి జరుగుతుంది. ఆ రెండింటి మధ్య ఇత్తడి సాగుతుంది, భుజం ముందుకు వెళ్లి చాంబర్ ఆకారం తెచ్చుకుంటుంది. దీన్నే ఫైర్ ఫార్మింగ్ అంటాం. ఇక్కడితో ఆపితే ఆ కేసు మీ రైఫిల్‌కు కొలిచి కుట్టిన చొక్కా. మీరేమో డైతో ఆ భుజాన్ని మళ్లీ కిందికి తోస్తున్నారు. మళ్లీ పేలుడు, మళ్లీ సాగుడు, అదీ ప్రతిసారీ అదే చోట.

బోల్ట్ హెడ్ మీద 0 నుంచి 3 దాకా అంకె ఉంటుంది. పెద్ద అంకె వేస్తే రిమ్ దగ్గర ఖాళీ తగ్గుతుంది, భుజం దగ్గరి ఖాళీ చాలావరకు అలాగే ఉంటుంది. నా డబ్బు ఒకసారి అలాగే పోయింది.

కొత్త కేసులకు నేను చేసేది చెబుతాను. మొదటిసారి కాల్చేటప్పుడు రిమ్‌కు ఆనుకుని సన్నని రబ్బరు ఓ రింగ్ తొడుగుతాను. అది కేసును వెనక్కి, బోల్టుకు ఆనించి పట్టుకుంటుంది. అందువల్ల అడుగున సాగకుండా భుజమే ముందుకు వెళ్తుంది. బోల్టు మూసేటప్పుడు చేతికి కాస్త బిగువు తెలియాలి, బలం పెట్టాల్సి వస్తే రింగ్ మందం ఎక్కువైనట్టు. మందు మాన్యువల్లో చెప్పిన మధ్యస్థ మోతాదులోనే ఉండాలి. మరీ తక్కువ వేస్తే భుజం సరిగా ఏర్పడదు, ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే చిన్న మూత) వెనక్కి పొడుచుకుని వస్తుంది.

ఆ తర్వాత నెక్ డైతో మెడ మాత్రమే సైజ్ చేయండి. కొన్ని సార్లు కాల్చాక బోల్టు గట్టిగా మూసుకోవడం మొదలవుతుంది. ఫుల్ లెంగ్త్ డై అవసరం అప్పుడే. షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేసును పట్టి ఉంచే ముక్కకు) తగిలేలా కాకుండా ఒక పూర్తి చుట్టు పైకి తిప్పి మొదలుపెట్టండి. ఈ డైలకు అంగుళానికి 14 మరలు, అంటే చుట్టుకు సుమారు 0.071 అంగుళం, ఎనిమిదో వంతు చుట్టుకు 0.009. నేను ఖాళీ కేసు భుజానికి కొవ్వొత్తి మసి పట్టించి, డైని కొంచెం కొంచెం దించుతూ చూస్తాను. భుజం మీద మసి చెదిరిందంటే డై అక్కడికి చేరిందన్నమాట. ప్రైమర్ లేని ఆ కేసు చాంబర్‌లో పెట్టి, బోల్టు స్వల్పమైన బిగువుతో మూసుకున్న చోట డై కదలకుండా లాక్ రింగ్ బిగించేస్తాను. ఆ కేసులను ఇంకో రైఫిల్‌లో వాడకండి, డబ్బా మీద రైఫిల్ నంబరు రాసుకోండి. పొడవు 2.222 అంగుళాలు దాటితే కత్తిరించాలి.

మీ దగ్గరున్న పాత కేసుల్లోకి చివర వంచిన సన్నని తీగ దించి, అడుగు నుంచి పైకి గీస్తూ రండి. రిమ్ పైన ఎక్కడైనా తీగ మొన గాడిలో తట్టుకుంటే ఆ కేసును పటకారుతో నొక్కి పారేయండి. ఒకటి తట్టుకుంటే ఆ పెట్టెలో మిగతావాటినీ నేనైతే నమ్మను.

ఇండియాలో ఉండి చదివేవారికి ఒక మాట: అక్కడ తూటాలు తయారుచేయడానికి ఆయుధ చట్టం కింద వేరే లైసెన్సు కావాలి. రైఫిల్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో ఈ పని చేయకూడదు.

ఓ రింగ్‌తో మొదలుపెట్టి, మెడ మాత్రమే సైజ్ చేసిన కేసుల్లో కూడా ఆ గీత వస్తే అప్పుడు హెడ్‌స్పేస్ గేజ్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. హెడ్‌స్పేస్ అంటే బోల్టు ముందు రిమ్‌కు దొరికే చోటు, సైనిక కొలత ప్రకారం అది 0.064 నుంచి 0.074 అంగుళాల మధ్య ఉండాలి. అంతకు మించితే బోల్ట్ హెడ్ మార్చండి.