దారి చెప్పండి: తైతుంగ్‌కి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: మా అబ్బాయి తైవాన్‌లో, తైపేలో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబరులోగానీ వేసవిలోగానీ రమ్మంటున్నాడు. మాకు మాల్స్, టవర్లు వద్దు. సముద్రం, కొండలు, నింపాదిగా ఉండే ఊరు, అక్కడి ఆదివాసుల పండగలు చూడాలని ఉంది. తూర్పు తీరంలోని హువాలియెన్ అనుకున్నాం గానీ భూకంపం మాట విని టెన్షన్‌గా ఉంది. ఆయనకు మోకాళ్ల నొప్పులు, నేను శాకాహారిని. మీరు ఆ వైపు వెళ్లొచ్చారు కదా, దారి చెప్పండి.
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, డిసెంబరు ఆఖర్లో వెళ్లండి. హువాలియెన్‌లో ఆగకుండా ఇంకా దక్షిణాన ఉన్న తైతుంగ్‌కి పొండి. 2024 ఏప్రిల్ 3న వచ్చిన భూకంపానికి హువాలియెన్ పక్కనున్న తరోకో లోయ బాగా దెబ్బతింది. లోయ కూడా చూడాలనుకుంటే ఏ దారులు తెరిచారో ముందే మీ అబ్బాయిని కనుక్కోమనండి. వేసవిలో అమిస్ తెగవాళ్ల పంట పండగ జులైలో తైతుంగ్ వైపు మొదలై, ఆగస్టుకి హువాలియెన్ దాకా ఊరూరా జరుగుతుంది. కానీ తుపాన్లు వచ్చేదీ అప్పుడే. తుపాను సంగతి మనకు ఒకరు చెప్పాలా?

తైపే నుంచి వేగంగా పోయే రైలైతే మూడున్నర, నాలుగు గంటలు. ఎడమవైపు కిటికీ తీసుకోండి, హువాలియెన్ వరకు సముద్రం కనబడుతుంది. ఆ తర్వాత రైలు రెండు కొండల వరసల నడుమ పొలాల్లోకి తిరుగుతుంది. దారిలో చిషాంగ్ అనే ఊరొస్తుంది. మనకు మొలగొలుకులు ఎట్లాగో, వాళ్లకు చిషాంగ్ బియ్యం అట్లాగ.

డిసెంబరని ఎందుకంటున్నానో చెప్తాను. మావారు చనిపోయిన ఏడు మా అమ్మాయి నన్ను బలవంతంగా అక్కడికి తీసుకెళ్లింది. తైతుంగ్ ఊళ్లోనే పుయుమా అనే ఆదివాసులు ఉంటారు. ఏడాది చివర వాళ్ల మగవాళ్లు వేటకని కొండకు పోయి, కొత్త సంవత్సరం వేళకు తిరిగొస్తారు. ఆడవాళ్లు వెదురు ద్వారం దగ్గర పూలదండలతో ఎదురుచూస్తారు. ఆ ఏడు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లను విడిగా కూర్చోబెడతారు. పెద్దలు వచ్చి వాళ్ల ముందు పాడతారు. ఒకరు నిదానంగా ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. నాకెదురుగా ఒక ముసలామె కూర్చుని ఉంది. పాట అయ్యాక ఒక పెద్దాయన ఆమె తలమీది గుడ్డ తీసేసి పూలదండ పెట్టాడు. ఆమె ఏడుస్తూనే, చెవి మీదికి జారిన దండను చేత్తో పైకి సర్దుకుంది.

మన దగ్గర ఆ ఏడు ఇంట్లో పండగే ఉండదు, మొగుడు పోయినామె తలలో పూలు తీసేస్తారు. అక్కడ తెచ్చి పెట్టారు. నెల్లూరొచ్చిన మర్నాడు నేను మూర కనకాంబరాలు కొనుక్కున్నాను.

ఆ పండగకు ఏ ఊరి తేదీ ఆ ఊరిదే, ముందే కనుక్కోండి. ఒక ఓరగా నిలబడండి, పిలిస్తేనే వాళ్ల ఆటపాటల్లో కలవండి. ఏడ్చేవాళ్ల మీదికి ఫోన్ ఎత్తొద్దు. మనిల్లు చావుతో ఉన్నప్పుడు ఎవరో వచ్చి ఫొటోలు తీస్తే ఎట్లుంటుంది? మాకు టిక్కెట్లు కట్టిన ట్రావెల్స్‌వాళ్లు ఇదిగాక ఒక స్టేజీ డ్యాన్సు కూడా అంటగట్టారు, మీరు దానికి డబ్బు పెట్టకండి.

మోకాళ్ల సంగతి. తైతుంగ్ తీరంలోని సాన్‌షియన్‌తాయ్ దగ్గర సముద్రం మీద ఎనిమిది వంపుల కాలిబాట వంతెన ఉంది. ప్రతి వంపుకీ మెట్లెక్కి దిగాలి, ఆయనను ఎక్కనీయొద్దు. కిందనే గులకరాళ్ల ఒడ్డున కూర్చోండి. అల వెనక్కి పోతుంటే రాళ్లన్నీ దొర్లుతూ చేసే చప్పుడు మన మైపాడు ఇసుకలో వినబడదు. మైపాడులో దిగినట్టు అక్కడ నీళ్లలో మాత్రం దిగకండి, ఒడ్డు దగ్గరే లోతు. తైతుంగ్‌కి దగ్గర్లోని జిబెన్‌లో వేడినీటి బుగ్గలున్నాయి, ఆయనకు అక్కడ ఒక పూట ఇవ్వండి.

తిండికి భయంలేదు. "సూ" అంటే శాకాహారం. బౌద్ధుల హోటళ్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు.

ఇక తైతుంగ్ సీతాఫలం తినకుండా రావద్దు. పైనున్న కన్నులు బుద్ధుడి తలమీది ముడుల్లా ఉంటాయని దాన్ని శాక్యముని పేరుతోనే పిలుస్తారు, "షిజియా" అని. ఈ రోజు తినాలో, ఎల్లుండి తినాలో అమ్మేవాళ్లకు చెప్తే దానికి తగ్గ కాయ ఏరిస్తారు. గట్టి కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి, నల్లబడి పండదు.