వరంగల్ చుట్టుపక్కల గడ్డి బీళ్ళలో ఏయే జీవులుంటాయి?

బంజరని మనం తీసిపారేసే ఈ బీళ్ళలో గరిక, తంగేడు, గునుగు సహజంగా పెరుగుతాయి. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వులో తేనె ఉండదు. పెద్ద నల్ల తుమ్మెదలు పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను గట్టిగా అదిలించినప్పుడు, కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రాల గుండా పుప్పొడి బయటికి రాలుతుంది. నాకు అన్నిటికంటే అపురూపంగా తోచేది ఇదే.

తొలకరికి నేలలోంచి వచ్చే ఎర్రటి ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళుంటాయి కనుక అది కీటకం కాదు, సాలీడుకు బంధువు. పేడపురుగులు పశువుల పేడను మట్టిలో కలుపుతాయి. పాలపిట్ట మిడతలను వేటాడుతుంది. కౌజుపిట్ట గడ్డి దుబ్బుల చాటున నేలమీదే గుడ్లు పెడుతుంది కాబట్టి, బీడుకు నిప్పు పెడితే ముందుగా నశించేవి ఆ గుడ్లే.