పునరుద్ధరించిన 1937 కార్డ్ 812 కన్వర్టిబుల్ (టాపు మడవగల) కారును కొనే ముందు ఏమి పరిశీలించాలి?

మెరిసే రంగు కన్నా ముందుగా గేర్‌బాక్సును పరిశీలించాలి. ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో 1936, 1937 సంవత్సరాలలో తయారైన ఈ కార్లలో ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది. స్టీరింగు పక్కనున్న చిన్న మీటతో గేరును ముందుగా ఎంచుకొని క్లచ్ నొక్కితే, విద్యుత్తు, వాక్యూమ్ కలిసి ఆ గేరును వేస్తాయి. హడావుడిగా విపణిలోకి తెచ్చిన ఈ ఏర్పాటు కొత్తలోనే మొరాయించి కారుకు చెడ్డపేరు తెచ్చింది గనుక, కారును స్వయంగా నడిపి, అన్ని గేర్లూ సాఫీగా పడుతున్నాయో లేదో చూడనిదే బేరం మాట్లాడకూడదు.

గోర్డన్ బ్యూరిగ్ రూపకల్పనలో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేవి మడ్‌గార్డులలో దాగి ఉండే హెడ్‌లైట్లు. డాష్‌బోర్డు వద్దనున్న పిడులను చేత్తో తిప్పితేనే అవి బయటకు వస్తాయి. మడిచిన టాపు కూడా లోహపు మూత కింద కనబడకుండా ఒదిగిపోతుంది.

ఇంజనులోకి అదనపు గాలిని నెట్టి దాని శక్తిని పెంచే సూపర్‌చార్జర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బానెట్ పక్కల నుంచి బయటకు వచ్చే క్రోమ్ గొట్టాలు దానికి గుర్తే అయినా, మామూలు కార్లకు తరువాతి కాలంలో వాటిని అమర్చినవారు చాలామంది ఉన్నారు. అందువల్ల ఇంజను, ఛాసిస్ సంఖ్యలను పాత పత్రాలతో సరిపోల్చాలి.