టెక్ సందేహాలు: అప్‌డేట్ 30 శాతం దగ్గర ఆగింది, ఫార్మాట్ కొట్టించాలా?

ప్రశ్న: దేవరకొండలో జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసుల షాపు నడుపుతున్నాను. షాపులో విండోస్ 11 డెస్క్‌టాప్ ఉంది. వారం నుంచి ఒకటే తంతు. అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతుంది, రీస్టార్ట్ అడుగుతుంది, 30 శాతం దాకా వెళ్లి అక్కడే కూర్చుంటుంది. చివరికి ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అని చూపించి మళ్లీ మామూలుగా ఆన్ అవుతుంది. తెల్లారితే మళ్లీ అదే కథ. తెలిసిన మెకానిక్ ‘ఫార్మాట్ కొట్టాల్సిందే’ అంటున్నాడు. కస్టమర్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఫార్మాట్ వద్దండీ. కనీసం ఇప్పుడే వద్దు. అప్‌డేట్ ఎక్కలేదని గుర్తించి, చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుని, మిమ్మల్ని మళ్లీ డెస్క్‌టాప్ దాకా తెస్తోందంటే మీ విండోస్ ఆరోగ్యం మరీ అంత పాడవలేదు. ఎక్కకుండా ఏది అడ్డుపడుతోందో చూడాలి, అంతే.

ఆ సంగతి విండోసే రాసి పెడుతుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి ‘అప్‌డేట్ హిస్టరీ’ తెరవండి. ఫెయిలైన అప్‌డేట్ దగ్గర ఒక కోడ్ కనిపిస్తుంది. చాలామంది ఆగిపోయిన స్క్రీన్‌ను ఫొటో తీసి పంపుతుంటారు. దాంతో ఏమీ తెలియదు, 30 శాతం ఎవరి సిస్టమ్‌లోనైనా 30 శాతమే. కావాల్సింది ఆ కోడ్. చివర 80070070 అని ఉంటే సి డ్రైవ్‌లో చోటు చాలలేదు. 80073712 అని ఉంటే విండోస్ సొంత ఫైళ్లు కొన్ని దెబ్బతిన్నాయి, లేదా మాయమయ్యాయి.

మీరు కోడ్ రాయలేదు కానీ నా అనుమానం చోటు మీదే. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే డిస్కును సి, డి, ఇ అని మూడు ముక్కలు చేసి ఇవ్వడం ఆనవాయితీ. సి వాటాకు 80 జీబీయో, 100 జీబీయో వస్తుంది. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ రెండూ ఉండేది ఆ సిలోనే. షాపు సిస్టమ్ కాబట్టి వాట్సాప్ వెబ్ నుంచి దించిన ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్లు, హాల్‌టికెట్లు అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే పేరుకుపోతాయి. డి, ఇ ఖాళీగా ఉంటాయి, సి దగ్గర గీత మాత్రం ఎర్రగా మారిపోతుంది. ‘దిస్ పీసీ’ తెరిచి చూడండి, మీదీ అలాగే ఉండొచ్చు.

అప్‌డేట్‌కు ముందు సిలో కనీసం 20 జీబీ ఖాళీ చేయండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో ‘టెంపరరీ ఫైల్స్’. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ అనే గడి కూడా ఉంటుంది. విండోస్ దానికి తనంతట తాను టిక్ పెట్టదు. కానీ మనవాళ్లు ఊపులో అన్ని గడులకూ టిక్ పెట్టి ‘రిమూవ్ ఫైల్స్’ నొక్కేస్తారు. నొక్కితే కస్టమర్ల ఫైళ్లన్నీ పోతాయి, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకవు. ఆ గడి జోలికి పోవద్దు. ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’ ఉంటే టిక్ పెట్టండి. ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్’ ఉంటే అది పెద్ద వెర్షన్ మారినప్పుడు మిగిలిన పాత విండోస్. వెనక్కి వెళ్లే ఆలోచన లేకపోతే తీసేయొచ్చు. మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే దాన్ని తీసేస్తుంది.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నే డి డ్రైవ్‌కు మార్చేస్తే ఈ బాధ మళ్లీ రాదు. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ‘లొకేషన్’, అక్కడ ‘మూవ్’. అయినా పని అయిపోయాక కస్టమర్ ఆధార్ కాపీ మీ దగ్గర ఎందుకు? చోటు సంగతి పక్కన పెట్టినా, అది మీకే తలనొప్పి.

చోటు ఉన్నా ఎక్కకపోతే సిస్టమ్‌కు తగిలించినవన్నీ పీకేయండి. వేలిముద్ర డివైజ్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, స్కానర్, ప్రింటర్, పెన్‌డ్రైవ్. కీబోర్డు, మౌస్, నెట్ తీగ ఉంటే చాలు. వాటిని నడిపే పాత డ్రైవర్లు (ఆ పరికరాల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌కు అడ్డుపడటం కొత్తేమీ కాదు. వేరే యాంటీవైరస్ వేసి ఉంటే దాన్ని తాత్కాలికంగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ ఆ కాసేపు కాపలా కాస్తుంది.

తర్వాత, సగం దిగి చెడిపోయిన డౌన్‌లోడ్‌ను తుడిచేయాలి. స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి తెరిచి, ‘విండోస్ అప్‌డేట్’ను స్టాప్ చేయండి. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్, అందులో డౌన్‌లోడ్. లోపల ఉన్నదంతా డిలీట్ చేసి, సర్వీసును మళ్లీ స్టార్ట్ చేయండి. ఇది మీ డౌన్‌లోడ్స్ కాదు, అప్‌డేట్ల గోదాము. ఖాళీ చేస్తే నష్టం లేదు, విండోస్ మళ్లీ దించుకుంటుంది.

కోడ్ 80073712 అయితే స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘టెర్మినల్ అడ్మిన్’ తెరవండి. డిస్మ్, ఎస్‌ఎఫ్‌సీ అనేవి దెబ్బతిన్న విండోస్ ఫైళ్లను బాగుచేసే కమాండ్లు. ముందు డిస్మ్‌ను ‘రిస్టోర్‌హెల్త్’తో, అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సీని ‘స్కాన్‌నౌ’తో నడపాలి. ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే నిల్వను బాగుచేసేది డిస్మ్ కాబట్టి వరుస మార్చొద్దు. డిస్మ్ 62.3 శాతం దగ్గర చాలాసేపు కదలకుండా ఉంటుంది. అది మామూలే, విండో మూసేయకండి.

ఇవేవీ పనిచేయకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్’ అని ఉంటుంది. ‘రీఇన్‌స్టాల్ నౌ’ అని రాసి ఉంది కదా అని భయపడొద్దు. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు ఉన్నచోటే ఉంటాయి, కింద విండోస్ మాత్రం కొత్తగా పడుతుంది. మెకానిక్ ఇదే పనిని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించిన ఐఎస్‌ఓ (విండోస్ సెటప్ మొత్తం ఉండే ఫైలు)తోనూ చేయొచ్చు. కానీ సిస్టమ్ ఆన్‌లో ఉండగా, విండోస్ లోపలి నుంచే ఆ ఐఎస్‌ఓ తెరిచి సెటప్ నడపాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచుకునే అవకాశం రాదు. ‘ఫార్మాట్ తప్పదు’ అనేవాళ్లు చాలావరకు ఈ పెన్‌డ్రైవ్ దారి పట్టినవాళ్లే. ఏ దారైనా సరే, ముఖ్యమైన ఫైళ్లు ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేస్తే, మైక్రోసాఫ్ట్ దాన్ని నిలిపేయాల్సి వచ్చింది.

తప్పు మన సిస్టమ్‌ది కాకుండా అప్‌డేట్‌దే అయ్యే రోజులూ ఉంటాయి. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో, అంటే రిపేరు కోసం డిస్కులో విడిగా ఉంచే చిన్న ముక్కలో, 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చింది. అంత చోటు లేని సిస్టమ్‌లలో 80070643 అని చూపించి ఆగిపోయేది. అలాంటప్పుడు మన కుస్తీ అనవసరం. సెట్టింగ్స్‌లో ‘పాజ్’ నొక్కి ఒక వారం ఆగి చూడండి. నెలవారీ అప్‌డేట్లు అమెరికాలో రెండో మంగళవారం ఉదయం విడుదలవుతాయి, మనకు అప్పటికి రాత్రి పదిన్నర దాటుతుంది. అందుకే బుధవారం షాపు తెరవగానే రీస్టార్ట్ గోల మొదలవుతుంది.

ఇక ‘ఆగింది’ అని ఎప్పుడు అనుకోవాలి? సీపీయూ మీద డిస్కు లైటు చూడండి. అది మినుకుమినుకుమంటుంటే పని నడుస్తున్నట్టే. పాత హార్డ్‌డిస్క్ అయితే రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు. రెండు మూడు గంటలు లైటు కదలక, శాతం మారకపోతేనే పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కిపట్టి ఆపండి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేళ అప్‌డేట్ పెట్టొద్దు. పెట్టాక కరెంటు పోతే కంగారు పడకండి, చాలాసార్లు విండోస్ తనే వెనక్కి తీసుకుంటుంది. వరుసగా రెండుసార్లు ఆన్ కాలేకపోతే నీలం రికవరీ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నొక్కితే చివరగా వేసిన అప్‌డేట్‌ను తీసేయొచ్చు.

ప్రశ్న: మాది వనపర్తి. అప్‌డేట్ తర్వాత మా అమ్మాయి కాలేజీ ల్యాప్‌టాప్ ‘బిట్‌లాకర్ రికవరీ కీ’ అడుగుతోంది. మేం ఏ పాస్‌వర్డూ పెట్టలేదు.

జవాబు: మీరు పెట్టకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసిన చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే లాక్ అవుతుంది. 48 అంకెల ఆ కీ అదే ఖాతాలో దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతాలోకి లాగిన్ అయి డివైజెస్‌లో ల్యాప్‌టాప్ పేరు మీద నొక్కి చూడండి. స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీతో సరిపోయేదే తీసుకోండి. అమ్మాయి ఖాతాలో లేదంటే, కొన్నరోజు సెటప్ చేసి ఇచ్చింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. షాపువాళ్లు తమ మెయిల్‌తోనే లాగిన్ చేసి ఇస్తే కీ వాళ్ల ఖాతాలో ఉంటుంది. రసీదు పట్టుకుని వెళ్లి అడగండి. కీ ఎక్కడా దొరకకపోతే ఆ డిస్కులో ఉన్నది తెరవడం మైక్రోసాఫ్ట్ వల్ల కూడా కాదు. ఎవరైనా డబ్బు తీసుకుని తెరుస్తామంటే నమ్మకండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో రిటైర్డ్ టీచర్‌ను. పాత ఐ3 ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. విండోస్ 11కు పనికిరాదని చూపిస్తోంది. పడేయాలా?

జవాబు: పడేయకండి సార్. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. ఇళ్లలో వాడే సిస్టమ్‌లకు మాత్రం ఈఎస్‌యూ అనే సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపు 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను బ్యాకప్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘ఎన్‌రోల్’ కనిపిస్తుంది. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే చిట్కాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. అలా ఎక్కించిన సిస్టమ్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, బ్యాంకు పనులు చేసే ల్యాప్‌టాప్‌లో నేనైతే చేయను.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊర్లో ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. అప్‌డేట్ మొదలైతే ఆ రోజు డేటా మొత్తం పోతోంది, అప్‌డేట్ మాత్రం పూర్తవ్వట్లేదు.

జవాబు: వైఫై సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి, పెద్ద అప్‌డేట్లు వాటంతటవి దిగవు. నెలకోసారి బ్రాడ్‌బ్యాండ్ ఉన్న చుట్టాలింటికో, ఫ్రెండ్ రూమ్‌కో ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఒకేసారి దించుకోండి. ఛార్జర్ మర్చిపోవద్దు, బ్యాటరీ తక్కువగా ఉంటే విండోస్ ఇన్‌స్టాల్ మొదలుపెట్టదు.